పెద్దంతరం చిన్నంతరం

నోట్లో నాలుక లేని పిల్లాడని గోదారి ఒడ్డున దిండి ఊళ్ళో అందరూ అనేవారు బెంజమిన్‌ని. మెచ్చుకోలుగానే అనేవారు లెండి. విమానం నడిపే ఉద్యోగం వచ్చి, భుజాల మీద పట్టీలు పడ్డాక కూడా, సెలవుకి ఊళ్ళోకి వస్తే ఎదురైన ప్రతి పెద్దాయన ముందూ బండి ఆపి, దిగి, నిలబడి మాట్లాడేవాడు. అంత ఎత్తున ఎగిరేవాడు ఇంత కిందకి వంగుతాడేమిటమ్మా అని ఆడవాళ్ళు బుగ్గలు నొక్కుకునేవారు. కడుపు పండితే అలా పండాలి అని వాళ్ళమ్మ పుష్పలతని చూసి అనుకోని తల్లి లేదు.

ఆ పిల్లాడు పోయి ఈ ఆదివారానికి ఏడాది. ఎక్కడో కొండల మధ్య, పేరు కూడా నోరు తిరగని ఊళ్ళో, విమానం దిగబోతూ దిగబోతూ కూలిపోయింది. నలభై ముగ్గురు. గాయంతో అయినా బయటపడ్డవాడు ఒక్కడు లేడు. ఎందుకు కూలిందో తేల్చడానికి ప్రభుత్వం వేసిన వాళ్ళు ఏడాది పొడుగునా తవ్వి, ఇప్పటికి కాగితాలు బయటపెట్టారు.

ఆ కాగితాలు పట్టుకుని బుధవారం మధ్యాహ్నం జెస్సీ బస్సు దిగింది. బెంజమిన్ అక్క ఆ పిల్ల. అమలాపురంలో జూనియర్ కాలేజీలో ఇంగ్లీషు చెబుతుంది. కళ్ళు చూస్తేనే తెలుస్తోంది, దారి పొడుగునా బస్సులో ఏడుస్తూనే వచ్చిందని. తండ్రి సాలమోను వీధరుగు మీద కూర్చుని, పడవ కట్టే తాడు చివర చివికిపోతే పాయలు విడదీసి మళ్ళీ అల్లుతున్నాడు. నలభై ఏళ్ళుగా నీళ్ళ మీద బతికిన మనిషి. మొదట్లో సొంత పడవ ఉండేది. ఇప్పుడు టూరిస్టుల హౌస్‌బోటు నడిపే సరంగు. పుష్పలత గుమ్మంలో చేట ఒళ్ళో పెట్టుకుని చింతచిగురు ఏరుతోంది.

“ఎవరి తప్పన్నారే?” అంది పుష్పలత, చేట మీంచి తలెత్తకుండా.

జెస్సీ అరుగు మీద కూలబడి, మంచినీళ్ళు తాగి, మెల్లిగా చెప్పింది. విమానంలో లోపం ఏమీ లేదట. వాతావరణం కూడా బాగానే ఉందట. దిగేటప్పుడు ఎత్తు చూసుకునే పని మిషన్‌కి అప్పగించారు. ఇంజన్ల జోరు మాత్రం ఆ రకం విమానంలో మనిషే చేత్తో చూసుకోవాలి. తమ్ముడు పక్క సీట్లో రెండో పైలటు. కెప్టెను గారు అంతకుముందు పదేళ్ళు వేరే పెద్ద రకం నడిపారు, దాంట్లో జోరు కూడా మిషనే చూసుకుంటుంది. దిగడానికని జోరు తగ్గించారు. ఒక ఎత్తుకొచ్చి నిలబడ్డాక మళ్ళీ పెంచాలి, పెంచలేదు. పాత అలవాటున మిషనే పెంచుతుందనుకున్నారు. మిషనేమో తనకి చెప్పిన పని తను చేసుకుపోయింది. ఎత్తు తగ్గకూడదని ముక్కు పైకెత్తుతూ పోయింది. ముక్కు లేచేకొద్దీ వేగం చచ్చిపోయింది. వేగం చచ్చాక రెక్కలు మొయ్యవట.

సాలమోనుకి విమానం ఎక్కడం తెలియదు గానీ ఇది తెలిసింది. “ఎదురు నీట్లో తెడ్డు ఆపేసి, చుక్కాని ఒక్కటీ పట్టుక్కూచున్నట్టు” అన్నాడు.

“అంతే నాన్నా.”

“మరి మనోడు చూళ్ళేదా?”

చూశాడట. విమానంలో ఇద్దరూ మాట్లాడుకున్నదంతా ఒక పెట్టెలో నమోదై ఉంటుందట. ఆ మాటలు సెకన్లతో సహా అచ్చువేశారు. మొదటిసారి తమ్ముడన్నాడు: “సర్, స్పీడు ఒకసారి చూస్తారా సర్.” కెప్టెను గారు అప్పుడు కింద వాళ్ళతో రేడియోలో మాట్లాడుతున్నారు, “ఒక్క నిమిషం” అన్నారు. తమ్ముడు ఆగాడు. పదకొండు సెకన్లు ఆగాడు. తరవాత “సారీ సర్. స్పీడు, సర్” అన్నాడు. ఆ తరవాత హెచ్చరిక గంటలు తప్ప ఇంకేం లేవు. మొదటి మాట దగ్గర్నుంచి చివరి దాకా మొత్తం ఇరవయ్యారు సెకన్లు.

పుష్పలత చేతులు చిగురులోనే ఉండిపోయాయి. ఏడాదిగా ఆవిడ ముఖం బూడిద పూసినట్టుండేది. ఇప్పుడు ఆ ముఖంలోకి ఏదో వెలుగొచ్చింది. “చూశారా, ప్రాణం పోయేటప్పుడు కూడా సర్ అన్నాడు నా తండ్రి. ఒక్క మాట తూలలేదు” అని కొంగుతో కళ్ళొత్తుకుంది. పక్కింటి అప్పాయమ్మ ఆ సమయానికే వస్తే ఆవిడకీ చెప్పింది. ఆ సాయంత్రానికి ఊళ్ళో నలుగురికి చెప్పుకుంది.

జెస్సీ మాత్రం చివరి కాగితం మడత విప్పకుండా అలాగే పట్టుకుని ఉంది. అందులో ఏముందని సాలమోను అడిగాడు. తప్పు ఇద్దరిదీ అని రాశారంది. పెద్దాయన చూసుకోలేదు. చిన్నవాడు చూసి కూడా గట్టిగా చెప్పలేదు. ‘నేను తీసుకుంటున్నాను’ అని ఒక్క మాట అని, జోరు పెంచే పిడి తనే ముందుకి తొయ్యొచ్చట. దానికి కెప్టెను ఒప్పుకోవాల్సిన పని కూడా లేదట. అది అతని హక్కు, అతని బాధ్యత కూడా అని రాశారు.

“ఆ పిడి ఎక్కడుంటుంది?”

“ఇద్దరికీ మధ్యలో నాన్నా.”

సాలమోను తాడు పక్కన పెట్టాడు. అరుగు మీద తన పక్కనే ఉన్న మంచినీళ్ళ చెంబు వైపు చెయ్యి చాపాడు. మోచెయ్యి పూర్తిగా చాపకముందే చెంబు వేళ్ళకి తగిలింది. చెయ్యి వెనక్కి తీసుకోలేదు. చాలాసేపు అలాగే చెంబు మీద ఉంచి కూర్చున్నాడు.

మర్నాడు పొద్దున్నే పాస్టరు ఫిలిప్ గారు వచ్చారు. మంచి మనిషి. శవపేటిక మూత తియ్యకుండానే పూడ్చవలసి వచ్చిన రోజున పుష్పలత పక్కన రెండు పూటలూ అన్నం నీళ్ళు లేకుండా కూర్చున్న మనిషి. ఊళ్ళో మాట ఆయన చెవిన కూడా పడింది. ఆదివారం ఆరాధనలో జ్ఞాపకార్థ కూడిక ఎలాగూ ఉంది కదా, బెంజమిన్ చివరి మాటలే తన ప్రసంగం అన్నారు. సండేస్కూలు పిల్లల్ని ముందు నిలబెట్టి, ఆ అన్నలా వినయంగా ఉంటామని వాళ్ళ చేత అనిపిస్తానన్నారు. పెదబాబు గారిని కూడా పిలిచారట, వస్తానన్నారట. దిండికి ఎగువన ఉన్న కొబ్బరి తోటల్లో సగం ఆయనవి. సాలమోను తాత, తండ్రి ఆ తోటల్లోనే కాయ దింపి బతికారు.

“మీరు తండ్రిగా రెండు మాటలు సాక్ష్యం చెబితే బాగుంటుంది సాలమోను గారూ. పిల్లాణ్ణి అలా ఎలా పెంచేరో.”

“ఆయ్” అన్నాడు సాలమోను. పెద్దవాళ్ళు ఏమన్నా ఆయన నోట్లోంచి మొదట వచ్చే మాట అదే. పుట్టి బుద్ధెరిగి ఇంకో మాట మొదట వచ్చింది లేదు.

పాస్టరు గారు వెళ్ళాక పుష్పలత కొడుకు ఫొటో దింపి, అద్దం మీద ఆవిరి ఊది, కొంగుతో తుడిచింది. తుడిచిందే తుడిచింది. “అందరూ వింటారు” అంది ఫొటోతోనే.

శుక్రవారం బోటు మీద హైదరాబాదు వాళ్ళు రెండు కుటుంబాలు ఎక్కారు. మధ్యాహ్నం పాటు మొదలై, నీరు సముద్రం వైపు తీస్తోంది. పోటు మీద ఎంత పెద్ద బోటయినా ఎటయినా పోతుంది గానీ, పాటుకి నీరు తగ్గితే అడుగున ఇసుక మేటలు తగులుతాయి, గోదారిలో అవి ఇవాళున్న చోట రేపుండవు. అందుకే ఎంత ఇంజను బోటయినా ముందు ముక్కు దగ్గర లోతు చూసే వెదురు గెడ పట్టుకుని ఒక మనిషి నిలబడాలి. ఆ మనిషి గంగయ్య. సాలమోను కన్నా పాతికేళ్ళు చిన్నవాడు. వరసకి ఏమీ కాకపోయినా బాబాయ్ బాబాయ్ అంటూ తిరుగుతాడు, కూరలో ముక్కలు ముందు బాబాయికి పడితే గానీ తను పెట్టుకోడు.

ఈ మధ్య బోటు మేనేజరు స్టీరింగు పక్కన లోతు చూపించే చిన్న టీవీలాంటి పెట్టె పెట్టించాడు. అంకె చూసుకుని నడుపుకోవచ్చు, ఇంక గెడతో పనేముంది అన్నాడు. గంగయ్య నవ్వి ఊరుకున్నాడు, గెడ మాత్రం ఒడ్డున పెట్టలేదు. ఆ పూట పెట్టెలో పదకొండు అడుగులని కనబడుతోంది. టూరిస్టు పిల్లలు రెయిలింగు పట్టుకుని ఫొటోలు దిగుతున్నారు. సాలమోను చూపు అంకె మీదే ఉంది గానీ, మనసు చెంబుకీ చేతికీ మధ్యనున్న దూరం మీద ఉంది.

“ఎడమకి కొట్టరా, ఎడమకి! కళ్ళు దొబ్బేయా?”

ముక్కు దగ్గర్నుంచి కేక. సాలమోను చేతులు ఎడమకి తిప్పేశాయి. ఎవరన్నారు, ఏమన్నారు అని చూసుకోలేదు. బోటు పొట్ట కింద ఇసుక ఒక్కసారి గరగరమని, జారి వదిలేసింది. టీ కప్పు ఒకటి పడి పగిలింది, అంతే. పెట్టెలో అంకె అప్పుడు తాపీగా నాలుగుకి దిగింది. గంగయ్య గెడ పైకి లాగి, తడిసిన కొలత చూసుకుని, మళ్ళీ నీట్లోకి దించాడు. ఎవరికీ ఏమీ జరిగినట్టే లేదు.

సాయంత్రం టూరిస్టులు దిగిపోయాక గంగయ్య స్టవ్వు మీద టీ పెట్టి, మొదటి గ్లాసు తెచ్చి చేతికిచ్చాడు. “పంచదార సరిపోయిందా బాబాయ్?”

“నన్ను మధ్యాహ్నం ‘రా’ అన్నావు.”

“అన్నానా?” అన్నాడు గంగయ్య. నిజంగానే గుర్తులేదు వాడికి. “గెడకి ఇసక తగిల్తే ఎవడైనా ఒకటే బాబాయ్. ఒడ్డెక్కితే నువ్వు నాకు తండ్రి లెక్క. నీళ్ళ మీద పెద్దంతరం చిన్నంతరం చూసుకుంటే అందరం కలిసే పోతాం.”

“ఎవరు చెప్పేరు నీకు ఆ మాట?”

గంగయ్య వింతగా చూశాడు. “నువ్వే కదా. నేను పన్లోకొచ్చిన మొదటి రోజు, ‘బాబాయ్ గారండీ, ఇసక తగిలినట్టుందండీ’ అన్నాను. నువ్వు వచ్చి వీపు చిట్లగొట్టేవు. ఆ మాట నువ్వు అనేలోగా పడవ బోల్తా పడుద్ది, అరవరా వెధవా అన్నావు. ఇప్పటికీ చలికాలం వస్తే నెప్పెడుద్ది నాకు ఆ వీపు” అని నవ్వాడు.

సాలమోను టీ గ్లాసు పట్టుకుని రేవు మెట్ల మీద కూర్చుండిపోయాడు. టీ మీద తొరక కట్టింది.

పదహారేళ్ళ కిందటి వేసవి సెలవులు కళ్ళ ముందుకి వచ్చాయి. బెంజమిన్‌కి పన్నెండేళ్ళు. అప్పుడు సొంత పడవ. పెదబాబు గారు లంకలో తోట చూసుకోవడానికి ఎక్కారు. ఇంకో ఎనిమిది మంది కూలీలున్నారు. నడిగోదాట్లో ఆయనకి సరదా పుట్టింది. ఇలా తేవోయ్, నేనూ ఓ పట్టు పడతాను అన్నారు. సాలమోను చుక్కాని ఇచ్చేసి పక్కన చేతులు కట్టుకుని నిలబడ్డాడు. పెదబాబు గారు కబుర్లు చెబుతూ నడుపుతున్నారు. ఎదురుగా వలలు కట్టే సరుగుడు గుంజలు. సాలమోనుకి కనబడ్డాయి. ఆయనకీ కనబడే ఉంటాయిలే, చెబితే ఏమనుకుంటారో అనుకున్నాడు. అనుకుంటుండగానే ముక్కు మీద కూర్చున్న బెంజమిన్ కీచుగొంతుతో అరిచాడు: “ఒరేయ్, కుడికి తొయ్యరా! గుంజలు!” ఉలిక్కిపడి ఆయన తోసేశారు. వెంట్రుకవాసిలో పడవ గుంజల పక్కనుంచి దాటింది.

ఒడ్డుకొచ్చాక సాలమోను కొడుకుని చెయ్యి పట్టి దింపి, రేవులో అందరి ముందూ చెంప మీద కొట్టాడు. ఎవర్ని రా అన్నావో తెలుసా అని కొట్టాడు. అయ్యగారికి తప్పయిపోయిందని చెప్పమన్నాడు. ఆ పిల్లాడు అప్పుడే ఇంగ్లీషు మీడియంలో చేరాడు. బుగ్గ మీద అయిదు వేళ్ళూ తేలి ఉండగా, తల దించుకుని “సారీ సర్” అన్నాడు. పెదబాబు గారు పోన్లేవోయ్ చిన్నపిల్లాడు అని, గొడుగు విప్పుకుని తోటలోకి వెళ్ళిపోయారు. ఆ తరవాత బెంజమిన్ గొంతు పెంచగా విన్నవాళ్ళు లేరు. పిల్లాడు దార్లో పడ్డాడని సాలమోను లోలోపల పొంగిపోయాడు కూడా.

గంగయ్యని కొట్టిందీ ఈ చెయ్యే. ఒకణ్ణి అండీ అన్నందుకు కొట్టింది, ఇంకొకణ్ణి రా అన్నందుకు కొట్టింది. పరాయి పిల్లాడికి బతికే మాట నేర్పింది.

శనివారం పుష్పలత మర్నాటి భోజనాలకని మామిడికాయలు తరుగుతుంటే సాలమోను వెళ్ళి ఎదురుగా పీట వాల్చుకున్నాడు. రేపు సాక్ష్యం చెప్పలేనన్నాడు. ఒంట్లో బాగా లేదేమోనని ఆవిడ నుదురు తాకబోయింది. అది కాదన్నాడు. రేవులో జరిగిన సంగతి గుర్తు చేశాడు. వాడు విమానంలో అన్న మాట వాడిది కాదనీ, తను కొట్టి నోట్లో పెట్టిన మాటనీ చెప్పాడు.

పుష్పలత కత్తిపీట మీంచి చెయ్యి తీసింది.

“ఏవండీ, వాడి ఒళ్ళు కూడా నాకు చూపించలేదు. పెట్టెకి మేకులు కొట్టి తెచ్చేరు. ఏడాది తరవాత వాడి మాట ఒక్కటి ఇంటికొచ్చింది. అది మంచి మాటని అందరూ అంటున్నారు. దాన్ని కూడా నా దగ్గర్నుంచి లాక్కోకండి.”

సాలమోను లేచి, పీట గోడకి ఆనించి, రేపు బైబిలు వాక్యం మాత్రం చదువుతానులే, ఇంకేం మాట్లాడను అన్నాడు. ఆవిడ మళ్ళీ ముక్కలు తరగడం మొదలుపెట్టింది.

ఆదివారం చర్చి నిండిపోయింది. గుమ్మం బయట చెప్పులు రోడ్డు దాకా వచ్చాయి. మగవాళ్ళు కుడివైపు, ఆడవాళ్ళు ఎడమవైపు చాపల మీద కూర్చున్నారు. పెదబాబు గారికి ముందు కుర్చీ వేశారు. తెల్ల జుబ్బా, చేతికర్ర, డెబ్బై అయిదేళ్ళ మనిషి. ఎక్కవద్దని డాక్టరు చెప్పినా మెట్లెక్కి వచ్చారు. బెంజమిన్ ఫొటో బల్ల మీద పెట్టి, లిల్లీల దండ వేశారు. పాటలయ్యాయి. సాలమోను అన్నమాట ప్రకారం వాక్యం చదివి, వచ్చి తన చోట కూర్చున్నాడు. పుష్పలత అటునుంచి ఆయనకేసి చూసి, కొంచెం తల ఊపింది.

పాస్టరు గారు బాగా చెప్పారు. రాళ్ళు కూడా కరిగేలా చెప్పారు. ప్రాణం గాల్లో వేలాడుతున్న వేళ కూడా ఆ బిడ్డ పెద్దవాణ్ణి పెద్దవాడిగానే చూశాడనీ, క్షమించమని అడిగి మరీ మాట్లాడాడనీ చెబుతుంటే ఆడవాళ్ళ వైపు వెక్కిళ్ళు వినబడ్డాయి. జెస్సీ ముఖం మోకాళ్ళలో పెట్టుకుంది. ఆ తరవాత ఆయన పిల్లల్ని పిలిచారు. పద్నాలుగు మంది, ఇస్త్రీ బట్టల్లో, చేతులు కట్టుకుని వరసగా నిలబడ్డారు. ఆయన ఒక్కో మాటా అంటే వాళ్ళు తిప్పి అనాలి.

“మేము పెద్దలను గౌరవిస్తాము.” పిల్లలన్నారు.

“పెద్దల ముందు గొంతు పెంచము.” పిల్లలన్నారు.

“పెద్దలు చెయ్యమన్నదాకా ఆగుతాము.”

పిల్లలు ఆ మాట సగంలో ఉండగా సాలమోను లేచి నిలబడ్డాడు. తను లేచినట్టు తనకే తెలియలేదు. స్టీరింగు ఎడమకి తిప్పిన చేతుల్లాగే కాళ్ళు లేచిపోయాయి.

“ఆపండి అయ్యగారూ.”

గట్టిగానే అన్నాడు. పాస్టరు గారి మాటకి అడ్డం వచ్చిన మనిషి ఆ గోడల మధ్య అంతవరకు లేడు.

“ఆ మాట పిల్లల చేత అనిపించకండి” అన్నాడు. “మావాడు మంచోడేనండి. కాదన్ను. కానీ ఆ పిడి వాడి చేతికి అందేంత దూరంలో ఉందండి. వెనకాల నలభై మంది ఉన్నారండి. ఒళ్ళో పిల్లలున్నవాళ్ళున్నారు. వాడు చెయ్యి చాపలేదు. సారీ అన్నాడు. ఆ సారీ నేను నేర్పిందండి. మన రేవులోనే, చెంప మీద కొట్టి నేర్పేను.”

ముందు కుర్చీ వైపు తిరిగాడు. “అయ్యగారూ, ఆ రోజు చుక్కాని మీ చేతిలో ఉందండి. గుంజలకి కొట్టబోయేరు. నాకు కనబడింది, నేను నోరెత్తలేదు. వాడెత్తేడు. మిమ్మల్ని రా అన్నాడు. వాడు రా అనబట్టి అందరం ఒడ్డెక్కేమండి. నేను మెచ్చుకోలేదు. కొట్టేను.”

అందరి చూపులూ పెదబాబు గారి మీద పడ్డాయి. ఆయన చేతికర్ర రెండు చేతులతో పట్టుకుని, కళ్ళు చిట్లించి, నిజంగానే వెతుక్కున్నారు. పాపం, దాచుకున్న ముఖం కాదది. ఎంత వెతుక్కున్నా దొరకలేదు.

“ఏ రోజోయ్ అది?” అన్నారు మెల్లిగా. “నాకు గుర్తే లేదు సాలమోనూ.”

ఎవరి కోసం ఆ చెంపదెబ్బ కొట్టాడో ఆ మనిషికి అది లెక్కలోనే లేదు.

“నాకు గుర్తుందండి.”

ఆడవాళ్ళ వైపు నుంచి వచ్చింది ఆ మాట. పుష్పలత లేవలేదు. తల కూడా ఎత్తలేదు. చాప అంచు పీచు ఒకటి వేలికి చుట్టుకుంటూ, చుట్టుకుంటూ అంది.

“వాడు ఏడుస్తా ఇంటికొచ్చేడు. నేనేం తప్పు చేసేనమ్మా, పడవ గుద్దేస్తంటే చెప్పేను అన్నాడు. ఎదురు చెప్తావా అని నేనూ కొట్టేను.”

పాస్టరు గారు పుస్తకం మూశారు. పిల్లలు ఏం చెయ్యాలో తెలియక అలాగే నిలబడి ఉంటే, కట్టుకున్న చేతులు విప్పమని సైగ చేశారు.

సాలమోను మగవాళ్ళ వరసల్లోంచి ఇవతలకి వచ్చాడు. మధ్యలో దారి దాటాడు. ఆడవాళ్ళు జరిగి చోటిచ్చారు. భార్య పక్కన చాప మీద కూర్చున్నాడు. ఆవిడ వేలికి బిగుసుకున్న పీచుని, తాడు పాయలు విడదీసినట్టే, ఒక్కో చుట్టూ విప్పడం మొదలుపెట్టాడు.